మూడు పూతల సున్నం

మా ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. బాపట్లలో సముద్రం వైపు పోయే రోడ్డు మీద, ఆరు గదులతో, పైన మిద్దెతో, ముందూ వెనకా వరండాలతో ఉండేది. కొనడానికి వచ్చినవాళ్ళు గదులు లెక్కపెట్టుకుంటూ సంతోషంగా లోపలికి వచ్చేవారు. హాల్లో గోడ మీద గీత చూసి, కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయేవారు. అలా రెండు బేరాలు పోయాయి. కాఫీపొడి మాత్రం బాగా మిగిలింది.

ఆ గీత ఉప్పెన నీళ్ళు నిలిచిన ఎత్తు. నా ఛాతీ దాకా వస్తుంది. ఏటా క్రిస్మస్‌కి సున్నం వేయించేటప్పుడు నాన్న దగ్గరుండి ఆ గీత మేర వేలెడు వదిలేయించేవారు. పండగ ఉదయం దాని ముందు నిలబడి, బతికించినందుకు ప్రార్థన చేసుకునేవాళ్ళం. అందరిళ్ళల్లో నక్షత్రం ఉంటుంది. మాకు అదనంగా ఒక బురద గీత.

అమ్మకి మాత్రం అది పండగ కాదు. ఉప్పెన వెళ్ళి పదేళ్ళయినా అక్టోబరు, నవంబరు నెలల్లో ఆవిడకి నిద్ర ఉండేది కాదు. రేడియోలో వాయుగుండం అన్న మాట వినబడితే చాలు, బియ్యం డబ్బా మిద్దె మీదికి చేరేది. ‘మన ఇంటి వాతావరణ కేంద్రం’ అని ఏడిపించేవాణ్ణి. ఆ ఏడు ఎండాకాలంలో ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

“ఇంకో తుఫాను కాలం ఈ ఇంట్లో నా వల్ల కాదురా.”

ఆ నెలలోనే ఇల్లు అమ్మకానికి పెట్టాం.

తెనాలి నుంచి ఒక భార్యాభర్తలు చూడ్డానికి వస్తున్నామని కబురు పెట్టేసరికి సెప్టెంబరు అయిపోవచ్చింది. నాన్న చర్చి పని మీద వెళ్ళినప్పుడు ఆ గీత మీద మూడు పూతల సున్నం వేశాను. ఆయన తిరిగొచ్చి గోడ వంక చూసి, వెళ్ళి వరండాలో కూర్చున్నారు. తిట్టి ఉంటే బావుండేది.

ఉప్పునీళ్ళు తాగిన గోడ ముసురు పట్టగానే చెమరుస్తుందన్న సంగతి నేను ఆలోచించలేదు. వాళ్ళు వచ్చిన రోజు పొద్దున్నుంచీ ముసురే. వాళ్ళు గేటు తీస్తుండగా చూశాను. తలుపు పక్కన తెల్లటి గోడ మీద జానెడు మేర గీత తడిగా బయటికొస్తోంది. గోడకి చెమట పట్టింది, నాకూ పట్టింది. పరిగెత్తి దానికి వీపు ఆనించి నిలబడ్డాను.

భయమేస్తే నా నోరు ఆగదు. మా ఇంటి గాలికి ఫ్యాను సిగ్గుపడి ఆగిపోతుందండి అన్నాను. చూడ్డానికి వచ్చిన పెద్దాయన నవ్వలేదు. ఆయన నాన్న వెంట మిద్దె, బావి చూసి వచ్చేదాకా మేకు కొట్టినట్టు అక్కడే ఉన్నాను. తడి చొక్కాలోంచి వీపుకి చల్లగా తగులుతోంది. కాఫీ గ్లాసులు పట్టుకుని అమ్మ ఎదురుగా నిలబడింది. గీత నాకు రెండు పక్కలా బయటికి పాకుతోందని ఆవిడ మొహం చూస్తేనే తెలిసిపోయింది.

“బాబూ, ఇటు రా. పచ్చి సున్నం, చొక్కా పాడైపోద్ది,” అంది ఆయన భార్య.

ఫరవాలేదండి, పాత చొక్కా అన్నాను. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగేసింది.

గీతని ఈ కొస నుంచి ఆ కొసదాకా చూసింది. తర్వాత ఆవిడ అమ్మ వైపు తిరిగి, “నీళ్ళు ఇంతవరకే వచ్చినయ్యా?” అని అడిగింది.

“ఇంతవరకేనండి. పదకొండు మందిమి రెండ్రోజులు మిద్దె మీదే ఉన్నాం,” అంది అమ్మ. “చూస్తే మీరూ వెళ్ళిపోతారని మావాడు సున్నం కొట్టాడు.”

ఈ బేరమూ పోయిందనుకున్నాను. నాకు సముద్రమంటే అంత భయం లేదు. ఆ బియ్యం డబ్బాతో అమ్మ మళ్ళీ మెట్లెక్కడం చూడాలంటేనే భయం.

ఆయన భార్య గీత మీద వేలితో రాసి చూసింది. మెట్ల దగ్గరికి వెళ్ళి, పైదాకా ఎక్కి, దిగుతూ మధ్య మెట్టు మీద కూర్చుంది. తనది రేపల్లె అవతల ఒక పల్లెటూరని, అక్కడికీ ఆ ఉప్పెన వచ్చిందని చెప్పింది.

“మా పుట్టింటికి మెట్లు లేవండి,” అంది.

అమ్మ వాళ్ళిద్దరికీ గ్లాసులు అందించింది. ఇద్దరూ కాఫీ తాగారు. వెళ్ళేముందు ఆవిడ, ఆ గీత మీద ఇంకెప్పుడూ సున్నం వెయ్యొద్దని నాకు గట్టిగా చెప్పింది, ఇల్లు అప్పటికే తనదైనట్టు.

ఇల్లు వాళ్ళకే అమ్మి, అక్టోబరులో మేం తెనాలిలో అద్దెకి దిగాం. మొదటి తుఫాను హెచ్చరిక వచ్చిన మధ్యాహ్నం, బయట వాన కురుస్తుంటే అమ్మ గుర్రు పెట్టి నిద్రపోయింది. నేను లేచి గోడ తడిమి చూశాను. పొడిగానే ఉంది. కాసేపాగి మళ్ళీ చూశాను. తెనాలి దాకా సముద్రం రాదని ఊరందరికీ తెలుసు, నాకూ తెలుసు. కానీ ఈ ఇంటికి మెట్లు లేవు.

అమ్మ లేవకుండా, చప్పుడు కాకుండా, బియ్యం డబ్బా అటక మీదికి ఎక్కించాను.