కుదురుగా నిలవని అక్షరాలు

ఎల్ఈడీ బల్బులు అప్పుడప్పుడే ఇళ్లలోకి వస్తున్న రోజులవి. యాభై దాటాక నేను వయోజన తరగతికి వెళ్లి అక్షరాలు నేర్చుకుంటున్నాను. జహనుమా బస్తీలో మాది కిటికీ లేని ఒకే గది. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మా ఆయన పగలు పడుకుంటే, రెగ్యులేటర్‌తో లైటు తగ్గించుకుని చదువుకునేదాన్ని.

ఒకరోజు ఆయన పాత బల్బు తీసి ఎల్ఈడీ పెట్టారు. అప్పటి నుంచి లైటు తగ్గించగానే అక్షరాలు వణికేవి, తల తిరిగేది. ఆ మాట చెబితే, "నీ కండ్లు పోయినయ్. ఈ వయసుల చదువేందే? బంద్ చెయ్" అన్నారు. నాతో తరగతికి వచ్చే పక్కింటావిడతో "ఇగ మా ఆమె రాదు" అని చెప్పేశారు కూడా!

నాకు ఒళ్లు మండిపోయింది. లైటు తగ్గించి, పుస్తకం ఆయన చేతిలో పెట్టి, "ఒక్క పేజీ చదువుండ్రి" అన్నాను. నాలుగు వాక్యాలకే ఆయన కళ్లు నులుముకున్నారు.

"ఏంది లొల్లి? లైటు కొట్టుకుంటున్నది!"

"నాకైతే కండ్లు పోయినయ్, మీకైతే లైటు ఖరాబైందా?" అని అడిగాను.

ఆ రెగ్యులేటర్‌కు ఆ బల్బు పనికిరాదని ఎలక్ట్రీషియన్ చెబితే మార్పించారు. నన్నన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఆడది ఇబ్బంది చెప్పగానే ముందు ఆమె వయసునే ఎందుకు అనుమానిస్తారు? తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. తరగతి మాత్రం మానలేదు.