వెనక్కి నడిచిన మోటారు సైకిలు

పిల్లనిచ్చిన మావగారిని ఊరంతా చూస్తుండగా గడ్డివాములోకి తోసిన అల్లుణ్ణి మా జిల్లాలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. అదెలా జరిగిందో చెబుతాను. మొహమాటపడకుండా నవ్వండి. ఊరంతా ఎప్పుడో నవ్వేసింది, ఇక మీరే మిగిలారు.

అది డెబ్బై ఎనిమిదో సంవత్సరం. నాకు పెళ్లయి ఏడాది. ధవళేశ్వరంలో గుమాస్తా ఉద్యోగం. అత్తవారిది ద్రాక్షారామం దగ్గర పల్లె. వాళ్ల పశువుల పాకలో, మావగారు వయసులో ఉండగా కొన్న విదేశీ మోటారు సైకిలు పదిహేనేళ్లుగా మూలపడి ఉంది. దాని సీటు మీద కోడి గుడ్లు పొదిగేది. నేను వేసవిలో సెలవు పెట్టి వెళ్లేసరికి, దాన్ని ఆదివారం పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేస్తున్నానని మావగారు చెప్పారు.

"ఇవ్వకండి. నేను బాగుచేస్తానండి" అన్నాను.

"మీకు ఆ పని వచ్చా అల్లుడు గారూ?"

"పుస్తకం చదివానండి."

ఆ పుస్తకం చేలకు నీళ్లు తోడే ఇంజన్ల గురించి అని ఆయనకు చెప్పలేదు.

ఆరు రోజులు పాకలోనే కాపురం పెట్టాను. తుప్పు గీకాను, కిరసనాయిలుతో కడిగాను, నల్లగా తయారయ్యాను. నేను విప్పిన బోల్టులన్నీ మా ఆవిడ సత్యవతి ఖాళీ ఆవకాయ జాడీల్లో వరసగా దాచింది. నిప్పురవ్వ పుట్టించే ప్లేటు విప్పేముందు పిన్నీసుతో దాని మీద, ఇంజను మీద కలిసేలా ఒక గీత గీసింది.

"మళ్లీ బిగించేటప్పుడు ఈ రెండు గీతలూ కలపండి" అంది.

"గీతలు ముగ్గులకు పనికొస్తాయి సత్యా, ఇంజన్లకు కాదు" అన్నాను. నా కంటికి బాగున్న చోట బిగించేశాను.

ఆదివారం పొద్దున్నే పాత ఇనుము ఆసామి బండి తోలుకుని వచ్చేశాడు. ఊరూ వచ్చింది. మావగారు పట్టు కండువా వేసుకుని నా వెనక ఎక్కారు. "భీమేశ్వరుడి దర్శనం చేసుకొద్దాం పదండి" అన్నారు. కిక్కు కొడితే ఆ కడ్డీ ఎదురు తిరిగి నా పిక్క మీద కొట్టింది. నాలుగుసార్లు తన్నులు తిన్నాక అయిదోసారి ఇంజను అందుకుంది. నేను రాజమండ్రి వంతెన కట్టినవాడిలా అందరి వంకా చూసి, గేరు వేసి క్లచ్చి వదిలాను.

ఎదురుగా ఉన్న గేటు దగ్గరకు రావాల్సింది పోయి దూరమైపోతోంది.

"అల్లుడు గారూ, ద్రాక్షారామం అటండి" అన్నారు మావగారు, ఎంతో మర్యాదగా. ఆ మాట పూర్తయ్యేలోపు ముందు ఆయన, వెనకే నేను, మా మీద బండి గడ్డివాములో ఉన్నాం.

"నన్ను ఉండమంటారా, వెళ్లమంటారా అండి?" అని ఇనుము ఆసామి అడిగాడు.

ఎవరికీ దెబ్బ తగల్లేదు, నా పరువుకి తప్ప. సత్యవతి వచ్చి ఇంజను పక్క మూత తీసి చూసింది. "గీతలు కలవలేదండి" అంది మెల్లగా. నిప్పురవ్వ తొందరపడి ముందే పడటంతో ఇంజను ఉల్టా తిరిగిందన్నమాట. రెండు గీతలూ కలిసేదాకా ప్లేటు ఒక వేలెడు జరిపాను.

ఈసారి ఒక్క కిక్కుకే అందుకుంది. క్లచ్చి వదిలాను. గేటు దగ్గరకొచ్చింది, దాటింది. ఊరు కేకలు వేసింది. కాలవగట్టు మీద గాలికి కండువా ఎగురుతుంటే మావగారు ఎదురొచ్చిన ప్రతివాడికీ "మా అల్లుడు గారు బాగుచేశారు" అని అరుస్తూనే ఉన్నారు. గుడి ముందు బండి ఆపేసరికి నా కళ్లు చెమర్చాయి.

ఇంటికి రాగానే ఆయన తాళంచెవి నా చేతిలోంచి తీసుకుని కూతురి చేతిలో పెట్టారు. "బండి నీదమ్మా. నడపడం అల్లుడు గారికి నేర్పు" అన్నారు.

ఆ క్షణాన తూర్పు తిరిగి నిలబడి ఘోరమైన ప్రతిజ్ఞ చేశాను: సత్యవతి చూస్తుండగా, తెలియని పని తెలిసినట్టు ఈ జన్మలో చేయను. ఆవిడ పుట్టింటికి వెళ్లిన రోజుల సంగతి మాత్రం నన్ను అడక్కండి.