కోటిరత్నం పెట్టిన ఫిల్టర్

మార్కాపురంలో కోటిరత్నం ఆన్‌లైన్ దరఖాస్తులు నింపిపెట్టే దుకాణం నడుపుతుంది. మెయిల్ లేనివాళ్ల ఉద్యోగ దరఖాస్తుల్లో తన మెయిలే రాస్తుంది.

తర్లుపాడు నుంచి అంకన్న వచ్చాడు. "అక్కా, రేపే మా పాప పరీక్ష. హాల్‌టికెట్ రాలేదా?"

"వాళ్లు పంపితే రాదా ఏంది? వాళ్లే పంపలేదన్నా," అని కసిరింది.

అంతలోనే గుర్తొచ్చింది. రోజూ వచ్చిపడే మెయిళ్లకు విసుగెత్తి, ఆ పరీక్షల సంస్థ నుంచి ఏమొచ్చినా నేరుగా ట్రాష్‌లోకి పోయేట్టు పోయిన నెల తనే ఫిల్టర్ పెట్టింది.

ట్రాష్ తెరిచింది. హాల్‌టికెట్ అందులోనే ఉంది. ప్రింటు తీసిస్తే అంకన్న దండం పెట్టి బస్సుకు పరుగెత్తాడు.

దాని కింద ఇంకో పదకొండు హాల్‌టికెట్లున్నాయి. ఆ పరీక్షలన్నీ అయిపోయాయి. అడగవచ్చిన ప్రతి ఒక్కరితోనూ ఆమె ఒకటే మాట చెప్పింది, వాళ్లే పంపలేదని.