భర్త పేరు దగ్గర ఖాళీ

మొన్న మా మనవరాలు ఆఫీసు పని ఇంట్లోనే చేసుకుంటూ, రిపోర్టులో సగం పేర్లు రావడం లేదని కంప్యూటరు మీద విసుక్కుంటుంటే, కందిపప్పులో రాళ్లు ఏరుతున్న నేను ఆ రిపోర్టు ఫైలే చెడిందేమో చూడవే అన్నాను. రెండో తరగతితో బడి మానేసిన ముసలిదానికి ఆ మాట ఎలా తెలుసా అని అది తెల్లబోయింది.

నరసరావుపేట దగ్గర కోల్డ్ స్టోరేజీల్లోకి కంప్యూటర్లు కొత్తగా వచ్చిన రోజులవి. పుట్టింటివారు పసుపు కుంకుమ కింద ఇచ్చిన చేలో పండిన మిరపకాయల టిక్కీలు, అంటే కాయ కుక్కిన గోతాలు, నా పేరునే అక్కడ పెట్టాను. మా ఆయన కాలు విరిగి మంచాన ఉండటంతో సరుకు దింపడానికి నేనే వెళ్లాను. కౌంటరు దగ్గర భర్త పేరు అడిగారు. మన కాలంలో ఆడవాళ్లం ఆ పేరు నోటితో అనేవాళ్లమా? పక్కన ఎవరున్నా వాళ్లు అందుకుని చెప్పేవారు. ఆ రోజు ఎవరూ లేరు, నేను తల వంచుకున్నాను, వాళ్లు ఆ గడి అలాగే వదిలేశారు.

తర్వాత రేటు పెరిగిందని తెలిసి, గుంటూరు యార్డుకు తోలుదామని లారీ మాట్లాడుకుని వెళితే, డెలివరీ లిస్టులో నా పేరే లేదు. ఆ సరుకు అమ్మితేనే మా ఆయన కాలికి ఆపరేషను. లిస్టులో లేనివాళ్లకు టిక్కీలు ఇచ్చేది లేదని సూపర్‌వైజరు ఒకటే మాట.

"నా టిక్కీలు మోసింది హమాలీలా, నీ సిస్టమా? పోయి వాళ్లనడుగు," అని కౌంటరు ముందే కూర్చున్నాను. టీ కూడా తాగలేదు, బయట టీకి డబ్బులు తగలేసే అలవాటు నాకు ఏనాడూ లేదు.

అక్కడ కంప్యూటరు చూసే అమ్మాయి మాచర్ల వైపు పిల్ల, మెడలో పసుపుతాడు ఇంకా పచ్చిగానే ఉంది. పాత రిపోర్టు ఫైలు చెడిపోతే ఈమధ్యే వేరేది తెచ్చి పెట్టారట. ఆ సంగతి నాకు అర్థం కావాలని జంతికల మీద పెట్టి చెప్పింది.

"పిండి చెడలేదు పెద్దమ్మా, నీ లెక్కంతా లోపల బాగానే ఉంది. గొట్టంలో బిళ్ళ పాడైంది, అందుకే కాగితం మీదకి దిగట్లా."

ఇక ఆ బిళ్ళలో ఏ కన్ను పూడిందోనని ఒక్కొక్క గడీ తీసి చూస్తూ, మళ్లీ మళ్లీ ప్రింటు కొడుతూ, తెచ్చుకున్న క్యారేజీ కూడా విప్పకుండా కూర్చుంది. చివరికి దొరికింది. భర్త పేరో తండ్రి పేరో లేని లైనును ఆ రిపోర్టు మొత్తంగా మింగేస్తోంది.

అయితే ఆ పేరేదో చెప్పేయమను, టైపు కొట్టేస్తే పోద్ది అన్నాడు సూపర్‌వైజరు. ఆయన మంచాన ఉండగా నా నోట ఆ పేరు రావాలా అనిపించింది. అయినా సరుకు కోసం సిద్ధపడి పెదవి కదిపాను.

"ఆమెని చెప్పమనేదేంది సార్?" అంది ఆ పిల్ల, తెర మీంచి తల తిప్పకుండానే. "పేరు లేకపోయినా లైను రావాల. తప్పు రిపోర్టుది."

అని ఆ రిపోర్టునే సరిచేసింది. ఈసారి ప్రింటరు గరగరమంటూ దించిన కాగితంలో నా పేరుతో పాటు క్రోసూరు, అచ్చంపేట వైపు ఆడవాళ్ల పేర్లు ఎన్నో వచ్చాయి, అన్నిటి పక్కనా అదే ఖాళీ. పొద్దుగూకేలోపు లారీ కదిలింది. మా ఆయన మళ్లీ చేని గట్టు మీద నడిచారంటే ఆ పిల్ల చలవే.

ఇప్పటి ఆడపిల్లలు మొగుణ్ణి పేరు పెట్టే పిలుస్తున్నారు, నాకేం అభ్యంతరం లేదు, వినడానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ ఏ ఆఫీసుకెళ్లినా, సిస్టమ్‌లో లేదమ్మా అని చెప్పి నా వెనకాల మనిషిని పిలుస్తున్నారు. ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడుందో, తనకూ జుట్టు నెరిసే వయసే. తను ఏ కౌంటరు ముందు నిలబడినా, అవతల కూర్చున్నవాళ్లకు తనకున్నంత ఓపిక ఉండాలని కోరుకుంటాను.