ఆదివారం ముగ్గు

ఇప్పుడైతే ఉతికిన చొక్కాను దండెం మీద వేసి, మళ్లీ అదే రంగులో తీసుకుంటున్నాను. నాకు పెళ్లీడు వచ్చిన కాలంలో ఆ భాగ్యం లేదు. ఆర్మూరులో మా గోడ పక్కనే మామ పసుపు మిల్లు (సొంత మామ కాదు, పక్కింటాయన). కొమ్ములకు మెరుగు పెట్టే డ్రమ్ము గరగరా తిరుగుతుంటే మా వాకిలి, మా బర్రె, నా కనుబొమలు అన్నీ పచ్చబడేవి. తెల్ల చొక్కా వేసుకుని అంకాపూర్‌కు పెళ్లిచూపులకు పోతే, పిల్ల తండ్రి ఎగాదిగా చూసి, “ఏం బిడ్డా, సంబంధం ఖాయం గాకముందే పసుపు వెట్టుకొని వచ్చినవ్?” అన్నాడు. ఇల్లంతా నవ్వింది. లోపలి గదిలోంచి పిల్ల కూడా నవ్వింది (ఆ నవ్వు నాకింకా వినిపిస్తుంది). సంబంధం తప్పిపోయింది. వచ్చి మామతో మొరపెట్టుకుంటే, “పసుపు శుభమేరా అల్లుడా” అన్నాడు, పల్లీలు నములుతూ. ఆ నమిలిన చప్పుడును కూడా నేను క్షమించలేదు.

కాలుష్యం ఆఫీసుకు అర్జీ మీద అర్జీ పెట్టాను. ఆఫీసరు వచ్చేవాడు. కానీ ముందు ఫోను వచ్చేది. ఫోను రాగానే మామ డ్రమ్ము ఆపించి, గేటు ముందు కడిగించి, అత్తతో ముగ్గు వేయించేవాడు. ఆఫీసరు చల్లగాలి పీల్చి, నాటుకోడి కూర తిని, “దుమ్మేదయ్యా?” అని నన్నే అడిగి పోయేవాడు. మిగతా రోజుల్లో ఆ గేటు ముందు ముగ్గన్నదే ఉండేది కాదు కాబట్టి, ముగ్గు కనిపిస్తే పనివాళ్లు స్విచ్చి ముట్టేవాళ్లు కాదు. అది గమనించాక, అమ్మ బట్టలుతికే రోజున చీకటితోనే లేచి నేనే అక్కడ ముగ్గు వేశాను. డ్రమ్ము తిరగలేదు. ఫోను అత్త ఎత్తిందనుకుని, మామ ఇస్త్రీ చొక్కాతో సాయంత్రం దాకా రాని ఆఫీసరు కోసం ఎదురుచూశాడు!

ఇంతలో వేల్పూర్ సంబంధం వాళ్లు ఆదివారం మా ఇల్లు చూడటానికి వస్తామన్నారు. ఆఫీసులో కొత్తగా ఒక మేడం చేరిందని తెలిసి, అక్కడికే పోయి, ఫోను చేయకుండా ఆ రోజే రమ్మని బతిమాలాను. “ఎప్పుడొస్తానో మీకు కూడా చెప్పను” అంది. ఆమె మీద కూడా అలిగి, నా ముగ్గునే నమ్ముకున్నాను.

ఆదివారం చుక్కలు పెడుతుండగా మామ పట్టేసుకున్నాడు. “ఓర్నీ, నువ్వా! మీ అత్త గిట్ల వంకరగ వేస్తదారా?”

“మామా, పెళ్లోళ్లు వస్తున్నరు. ఇయ్యాల ఒక్కరోజు బందు వెట్టు.”

“గదే నోరు తెరిచి అడిగితె అయిపోవు గద! దొంగ ముగ్గు వేసినవ్, నడిపిస్త. ఆయితారం ఏ ఆఫీసరొస్తడో నేనుగూడ చూస్త.”

డ్రమ్ము తిరిగింది. కాసేపటికి సంచీతో ఒకావిడ ఆటో దిగింది. వేల్పూర్ వాళ్లే అనుకుని మామ కోపం మరిచి, కుర్చీ పట్టుకుని పరుగెత్తాడు. “రాండ్రి వదినా! పిల్లగాడు బంగారం. జర మొండోడు, గంతే.”

ఆమె కిందికి చూసింది. “ఈ ముగ్గు పసుపుతో వేశారా?”

“లేదమ్మా, పొద్దుగాల తెల్లగనే ఉండె. పిల్లగాడే వేసిండు, ముగ్గు గూడ వస్తది! మిల్లు నడిస్తె గిట్లయితది.”

“రోజూ నడుస్తుందా?”

“రోజూ. ఆఫీసర్లు వచ్చిన్నాడే బందు.”

గోడ మీంచి నేను చేతులు ఊపుతూనే ఉన్నాను, ఆపు మామా అని. (ఎందుకు ఊపానో ఇప్పటికీ తెలియదు.) మేడం గుర్తింపు కార్డు తీసింది. ఆమె కోసం తెచ్చిన కుర్చీలో మామే కూలబడ్డాడు.

డ్రమ్ము అప్పటికప్పుడే ఆగింది. వేల్పూర్ వాళ్లు వచ్చేసరికి నా చొక్కా తెల్లగానే ఉంది. పెళ్లిలో మామే పెద్దమనిషి. తర్వాత డ్రమ్ముకు మూత వచ్చింది, దుమ్ము పట్టే సంచీ వచ్చింది. మేడం ఎప్పుడొస్తుందో తెలియక మామ ఆ మూత తీయడమే మానేశాడు.

అంకాపూర్ చొక్కా ఇంకా నా బీరువాలోనే ఉంది, సాక్ష్యంగా. అప్పటి నా కోపాన్ని తలచుకుంటే ఇప్పుడు కాస్త ముద్దొస్తుంది. ఆదివారం మాత్రం మా ఇంటి ముందు ముగ్గు నాదే. చుక్కలు ఇప్పటికీ వంకరే. ముసలివాడైన మామ గేటులోంచి తొంగిచూస్తాడు. “ఎవలొస్తున్నరురా ఇయ్యాల?”

“నీకు చెప్తనా?” అంటాను.

తిట్టుకుంటూ, డ్రమ్ము మూత చూడటానికి లోపలికి పోతాడు.