సర్కారు సొమ్ముతో కొన్న కాటా

మా వినియోగదారుల సంఘం సభల్లో ఒక ఆనవాయితీ ఉండేది. ఉపన్యాసాలు ముగిశాక వేదిక మీద ఎలక్ట్రానిక్ కాటా పెట్టి, సభకు వచ్చినవాళ్లను ఆ రోజు కొన్న సరుకేదైనా ఉంటే తెమ్మనేవాళ్లం. టమాటాలు, పప్పు ప్యాకెట్లు, మిఠాయి డబ్బాలు వచ్చేవి. అందరి ఎదుటా తూచి, దుకాణదారు చెప్పిన బరువుకూ అసలు బరువుకూ ఉన్న తేడాను మైకులో చదివేవాళ్లం. చదవడం నా పని. కళాశాల డిబేట్లలో గొంతు సాన పెట్టుకున్నదాన్ని కనుక ఆ పని నాకు అప్పగించారు. అట్టపెట్టెను కూడా మిఠాయి ధరకే అమ్మారని తేలినప్పుడు హాల్లో లేచే నవ్వు నాకెంతో ఇష్టంగా ఉండేది.

ఆ కాటా సర్కారు సొమ్ముతో కొన్నది. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో లైను పక్క సందులో, జిరాక్స్ దుకాణం మీది అంతస్తులో మేం కూర్చునే గదికి కిరాయి కూడా ఆ సొమ్ములోంచే వెళ్లేది. అవగాహన కార్యక్రమాలకని ప్రభుత్వం ఏటా రెండు విడతలుగా గ్రాంటు ఇచ్చేది. దాన్ని జాగ్రత్తగా కాపాడుకుంటూ వచ్చినవారు మా అధ్యక్షుడు. గుంటూరు వైపు నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడిన విశ్రాంత బ్యాంకు ఉద్యోగి. హాస్టల్ అడ్వాన్సు తిరిగివ్వలేదని వచ్చే కోచింగ్ పిల్లలకు, కొత్త ఫ్రిజ్ చల్లబడటం లేదని వచ్చే గృహిణులకు సాయంత్రాలు ఓపికగా ఫిర్యాదులు రాసిపెట్టేవారు.

ఆ ఏడు ఎల్.బి.నగర్‌లోని ఒక కమ్యూనిటీ హాల్లో సభ పెట్టాం. గ్రాంటు ఇచ్చే శాఖ నుంచి ఒక అధికారి ముఖ్య అతిథిగా వచ్చారు. అతిథి పక్కన బ్యానరుతో ఫోటో లేకపోతే కార్యక్రమం జరిగినట్టు లెక్కలోకి రాదు. రేషన్ దుకాణాలను పర్యవేక్షించేది కూడా ఆయన శాఖే. ఈ రెండో సంగతి మాకు తెలియనిది కాదు, కానీ ఎన్నడూ తట్టలేదు. అప్పటిదాకా మా కాటా మీదికి ప్రైవేటు దుకాణాల సరుకు తప్ప మరొకటి రాలేదు.

ఆ రోజు మరొకటి వచ్చింది. హాలు వెనక బస్తీలో ఉండే ఒకామె, టిఫిన్ సెంటరులో పనిచేస్తుందట, సంచీ చంకన పెట్టుకుని మెట్లెక్కింది. “గీ బియ్యం జర జోకుండ్రి” అంది.

అవి రేషన్ బియ్యం. అధ్యక్షుడు గబగబా మైకు దగ్గరికి వచ్చారు. “ఇవి వద్దమ్మా. కొన్న వస్తువులే తూస్తున్నాం. ఇవి ఉచితంగా ఇచ్చినవి కదా.”

“పైసలియ్యకుంటే బరువుండదా సార్?”

నేను ఆమె చేతిలోంచి సంచీ అందుకుని కాటా మీద పెట్టాను. దుకాణం వాళ్లిచ్చిన చీటీ ఆమె కొంగున ఉంది. అందులో ఉన్నదానికంటే దాదాపు కిలో తక్కువ. అలాగే మైకులో చదివాను.

“రేకు డబ్బల పోసి డబ్బతోనే జోకుతడు. డబ్బ బరువు సుత మా ఖాతాలనే రాస్తడు” అని ఆమె సభకంతా వినిపించేలా చెప్పింది.

అధికారి కాసేపు ఫోను చూసుకుని, వందన సమర్పణ మొదలవకముందే లేచి వెళ్లిపోయారు. మేం కప్పిన శాలువా కుర్చీలోనే ఉండిపోయింది. ఆమె మాత్రం నన్ను పక్కకు పిలిచి, ఫిర్యాదు రాసిపెట్టమని అడిగింది. రాసిపెట్టాను. సంఘం తరఫున అధ్యక్షుడు సంతకం చేస్తే అది పైఅధికారులకు వెళుతుంది.

మర్నాడు సాయంత్రం గదిలో ముగ్గురం కూర్చున్నాం. అధ్యక్షుడు, కోశాధికారి, నేను. కోశాధికారి సైదాబాద్ వాస్తవ్యుడు. కింది జిరాక్స్ దుకాణం ఆయనదే.

“నిన్నటి అధికారి ఫోన్ చేశారు” అన్నారు అధ్యక్షుడు. “మా డబ్బుతో మీటింగ్ పెట్టి మా మీదే తీర్పులు చెప్తారా అన్నారు. ఉచితంగా తీసుకునేవాళ్లు అసలు వినియోగదారులే కారట. ఆ ఫిర్యాదు మన పేరు మీద వెళితే రెండో విడత మర్చిపొమ్మన్నారు.”

“గా మాట కాయితం మీద రాసిస్తడా?” అని కోశాధికారి అడిగాడు.

“ఎవరు రాసిస్తారండీ అలాంటివి?”

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కళాశాల డిబేట్ ఫైనల్స్‌లో చీటీ తీస్తే నాకు వచ్చిన పక్షం ఇదే. ప్రభుత్వ సొమ్ము తీసుకునే సంస్థ ప్రభుత్వాన్ని ప్రశ్నించజాలదని వాదించి కప్పు గెలిచాను. ఎదుటి పక్షం ఆ రోజు అడగని ప్రశ్న ఒకటుంది. ఆ సొమ్ము ఎవరిది? అది ఆ అధికారి జీతంలోంచి తీసిచ్చింది కాదు. బస్తీలో ఆమె కొన్న సబ్బు మీద, నూనె ప్యాకెట్టు మీద పడిన పన్నులోంచి వచ్చింది. ప్రశ్నించేవాళ్లను పోషించడం ప్రభుత్వం చేసే ఉపకారం కాదు. అది దాని విధి. ప్రైవేటు దుకాణాన్ని మాత్రమే తూచే కాటాకు గ్రాంటు ఇస్తే, దాన్ని ప్రచారం ఖర్చు కింద రాసుకోవాలి. ఇదంతా ఒక్క ఊపిరిలో చెప్పాను.

“వాదన బాగుందమ్మా” అన్నారు అధ్యక్షుడు. “గదికి కిరాయి వాదన కట్టదు. రేపు హాస్టల్ పిల్లలు వస్తే ఎక్కడ కూర్చోబెడదాం?”

వాదన కిరాయి కట్టలేనంత మాత్రాన అది తప్పు కాదని నాకు తెలుసు.

అంతలో బియ్యం తెచ్చిన ఆమే మెట్లెక్కి వచ్చింది. సంతకం అయిందేమో కనుక్కుందామని డ్యూటీ దిగి సరాసరి వచ్చిందట. రేషన్ డీలరు అప్పటికే ఆమెను ఆపి, సభల్లో బియ్యం జోకిపిస్తే ఇక కార్డు ఎట్ల నడుస్తుందో చూస్తానన్నాడని చెప్పింది. అధ్యక్షుడు ఆమెకు కుర్చీ చూపించి, మెల్లగా విషయంలోకి వచ్చారు.

“ఫిర్యాదు పంపుదామమ్మా, ఆపం. కాకపోతే సంఘం పేరు లేకుండా, మీ పేరు మీదే పంపుదాం.”

“నీ పేరు లేకుంటే నా పేరొక్కటే ఉంటది సార్. నా పేరు చూసి ఎవలు భయపడ్తరు?”

“భయపెట్టడం కోసం కాదమ్మా.”

“మరి దేనికోసం పెట్టిండ్రు గీ సంఘం?”

కోశాధికారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, “సార్, గీమెను గూడ డిబేట్లకు పంపుదాం” అన్నాడు.

అధ్యక్షుడు నవ్వలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆమె లేవలేదు, బతిమాలనూ లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని ఆయన ముఖంలోకే చూస్తూ కూర్చుంది. చివరికి ఆయన ఫిర్యాదు దగ్గరికి లాక్కుని మొదటి నుంచి చదివి, సంతకం చేసి, సంఘం ముద్ర తనే వేశారు.

తనిఖీ జరిగింది. ఆ దుకాణంలో ఇప్పుడు ముందు ఖాళీ డబ్బా పెట్టి, అంకెను సున్నాకు తెచ్చి, ఆ తర్వాత బియ్యం పోస్తున్నారు. ఆమె కార్డు నడుస్తూనే ఉంది. మా రెండో విడత మాత్రం రాలేదు. ఎందుకని రాసి అడిగితే జవాబు లేదు. గది ఖాళీ చేశాం. ఇప్పుడు జిరాక్స్ దుకాణం ముందు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుంటున్నాం. హాస్టల్ పిల్లలు నిలబడే మాట్లాడుతున్నారు. వాన వస్తే దుకాణంలోకి జరుగుతారు. మెట్లెక్కే బాధ తప్పిందని కోశాధికారి అందరికీ చెబుతుంటాడు.

చందాలతో నడుపుకుందామని, సర్కారు గడప తొక్కనే వద్దని సలహా ఇచ్చినవాళ్లున్నారు. నేను ఒప్పుకోలేదు. మన వాటాను వదులుకుని అదే పౌరుషం అనుకుంటే, ఆ అధికారికి కావలసింది కూడా అదే. అందుకే ఈ ఏడు గ్రాంటుకు మళ్లీ దరఖాస్తు చేశాం. తలపెట్టిన కార్యక్రమాల కింద మొదటి అంశంగా రేషన్ దుకాణాల్లో తూకం పరిశీలన అని రాశాను.

అధ్యక్షుడు అక్కడే ఆగారు. “దీన్ని కాస్త కిందికి జరపకూడదూ? చూడగానే వెనక్కి పంపిస్తారు.”

“పంపనివ్వండి సార్. దరఖాస్తు వెనక్కి పంపితే కారణం రాసి పంపాలి. ఫోన్లో చెప్తే ఈసారి మనం వినం.”

ఆయన ఆ అంశాన్ని మరోసారి చదువుకుని, ఉన్నచోటే ఉంచి సంతకం చేశారు. దరఖాస్తు నా చేతికిస్తూ, అందినట్టు కార్యాలయం ముద్ర పడనిదే అక్కడి నుంచి కదలొద్దన్నారు.