వెనక్కి వాలిన సీటు

"అరెకరం మిరపచేను అమ్మి పాత కారు కొంటవా? కారు కాయలు కాస్తదారా?" అన్నాను.

"చూడకుండనే వద్దంటవేందమ్మా! పెద్దోళ్లు తిరిగే బండి. పెండ్లిళ్లకు కిరాయికి తిప్పుత," అన్నాడు నా కొడుకు శ్రీను.

భద్రాచలం దగ్గర మా పల్లెలోకి గోదావరి వరద వచ్చిన మరుసటి ఏడు సంగతిది. చూసి వద్దందామని వాడితో ఖమ్మం బస్సెక్కాను.

తెల్లగా, పొడుగ్గా ఉంది కారు. "హైదరాబాద్ బండి అమ్మమ్మా, వానల గూడ తిప్పలే. కూసోని చూడు," అన్నాడు అమ్మే అతను.

కూర్చుని, పక్కనున్న మీట ఏదో నొక్కాను. సీటు వెనక్కి వాలిపోయింది. నేను వెల్లకిలా పడ్డాను. కాళ్లు పైకి లేచి, ఒక చెప్పు ఎగిరి అతని పొట్టకు తగిలింది. చుట్టూ జనం పకపకా నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయాను. లేవడానికి పట్టు కోసం సీటు కింద తడిమితే, వేళ్లకు మెత్తటి బూడిదరంగు మట్టి అంటింది. వాసన చూశాను.

"ఓరి శ్రీనూ, ఇది ఒండ్రురా! వరద పోయినంక మనింట్ల పారలతోని ఎత్తిపోసింది గిసొంటిదే గదా! ఈ బండి నీళ్లల్ల మునిగింది!" అని పడుకునే అరిచాను.

శ్రీను చెప్పు తెచ్చి నా కాలికి తొడిగాడు.

మూడో తరగతితో బడి మానిన నాకు కార్ల గురించి ఏమీ తెలియదు. ఆ రోజు నవ్వులపాలైనందుకు మాత్రం ఇప్పటికీ సంతోషమే.

మరునాడు పొద్దున చేను కొంటానన్న ఆసామి వచ్చాడు. శ్రీను చాయ్ ఇచ్చి, "చేను అమ్ముతలేమన్నా," అని పంపించాడు.